వీడియో కాల్‌లో కౌన్సెలింగ్ మా తమ్ముడికి పనిచేస్తుందా?

మీ తమ్ముడికి ఇరవై ఎనిమిదేళ్లు, మైల్డ్ ఐడీ (ఇంటలెక్చువల్ డిజెబిలిటీ, అంటే బుద్ధి ఎదుగుదల కొంచెం తక్కువ), నాన్నగారు పోయినప్పటి నుంచి ముభావంగా ఉంటున్నాడు, మీ ఊళ్లో సైకాలజిస్టు లేరు, వీడియోలో చెబితే అతనికి ఎక్కుతుందా అని కదా అడిగారు. మా అన్నయ్యకి ఎక్కిందండీ. సదరం (వైకల్య నిర్ధారణ) సర్టిఫికెట్‌లో తన ఐడీ మోడరేట్, వయసు నలభై దాటింది. అమ్మ పోయాక మొదలుపెట్టాం.

అయితే ముందు ఒకసారి డాక్టరుకి నేరుగా చూపించండి. పన్ను నొప్పి, మలబద్ధకం, థైరాయిడ్, ఫిట్స్ మందు పడకపోవడం, ఏదున్నా నోరు విప్పి చెప్పలేక ఇలాగే ముడుచుకుపోతారు. "వీళ్లింతేనమ్మా" అని తేల్చేసే డాక్టరు తగిలితే (మాకు తగిలారు) ఇంకొకరి దగ్గరికి వెళ్లండి. బుద్ధి ఎదుగుదల తక్కువ కావడం వేరు, దిగులు వేరు. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం కూడా మొదటిదాన్ని మానసిక జబ్బుల్లో కలపదు. అలాగని అది ఉన్నవాళ్లకి దిగులు రాదనేం లేదు.

ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టునే చూసుకోండి. ఐడీ ఉన్న పెద్దవాళ్లతో పనిచేశారా అని మొహమాటం లేకుండా అడగండి. మేం మొదట మాట్లాడినావిడ పిల్లల స్పెషలిస్టు. నలభై ఏళ్ల మనిషిని "బంగారుకొండా" అంటే అన్నయ్య ఫోన్ బోర్లా పెట్టేశాడు!

ఇంట్లోవాళ్ల వల్లే ఇది చాలాసార్లు చెడుతుంది. పక్కన కూర్చుని, అతని బదులు మనం జవాబులు చెప్పేస్తాం. అన్నయ్య ఏదడిగినా "ఆ" అంటాడు. "రాత్రి నిద్ర పట్టిందా?" "ఆ." "పట్టలేదా?" "ఆ." వెంటనే మా పిన్ని అందుకునేది. తర్వాత మాకు కుదిరిన సైకాలజిస్టు మేడమ్ పిన్నిని మర్యాదగానే గది బయట కూర్చోమన్నారు. మొహాల బొమ్మలు ముందే వాట్సాప్‌లో పంపితే ప్రింట్ తీసి మంచం మీద పరిచాం. అన్నయ్య ఏడుపు మొహం తీసి కెమెరాకి చూపించాడు. కాసేపాగి కోపం మొహం కూడా తీశాడు. ఆ కోపమేమిటో బయటపడటానికి ఇంకొన్ని వారాలు పట్టింది. పెద్దకొడుకు తనైతే తలకొరివి బాబాయి చేత పెట్టించారట, తనని పక్కింట్లో కూర్చోబెట్టారట.

ఇంట్లోంచి మాట్లాడటంలో ఒక లాభం ఉంది. మాట దొరకనప్పుడు ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వెళ్లి అమ్మ కాఫీ గ్లాసు చూపించేవాడు. మేడమ్ అక్కణ్ణుంచే కబుర్లు మొదలుపెట్టేవారు. క్లినిక్‌లో ఆ గ్లాసెక్కడ?

అరగంట చాలు, ప్రతివారం అదే రోజు, అదే టైమ్ పెట్టుకోండి. ఇయర్‌ఫోన్లు చిరాకైతే స్పీకర్ పెట్టి తలుపేయండి. కాల్ కట్టయితే మేడమ్ కోపగించుకుని వెళ్లిపోయినట్టు కాదని ముందే చెప్పి ఉంచండి. మావాడు ఒకసారి అలాగే అనుకుని అన్నం మానేశాడు.

ఈలోగా మరీ ఇబ్బందైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి చేయండి, ఉచితం, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. వారం వారం ఒకే మనిషి కావాలంటే మాత్రం విడిగా చూసుకోవాల్సిందే. హైదరాబాద్ రాగలిగితే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని నీపిడ్‌లో (ఐడీ ఉన్నవాళ్ల కోసం ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఒకసారి అసెస్‌మెంట్ చేయించండి.

సర్టిఫికెట్, వాడే మందుల ఫోటోలు సైకాలజిస్టుకి ముందురోజే పంపేయండి. కాల్‌లో అతని ఎదురుగా అవన్నీ చదివి వినిపించొద్దు.