లైకులు సరే, నంబర్లు రాసుకున్నారా?

ప్రశ్న: మాది బరంపురం పెద్ద బజారు, నేత కుటుంబం. కొన్నేళ్ళుగా పట్టు చీరల ఫొటోలు ఫేస్‌బుక్ పేజీలో, ఇన్‌స్టాలో పెట్టి అమ్ముతున్నాను. మొదట్లో ఫొటో పెట్టగానే ఫోన్లు వచ్చేవి. ఇప్పుడు పేజీని ఫాలో అయ్యేవాళ్ళకే కనబడడం లేదట. మా అన్నయ్య ఇదంతా నాలుగు రోజుల ముచ్చట, మానేసి షాపులో కూర్చో అంటున్నాడు. ఈ సైట్లు పదేళ్ళ తర్వాత ఉంటాయా?

జవాబు: సైట్లు ఉంటాయి. ఇవే ఉంటాయా అంటే మాత్రం నేను పందెం కాయను. ఆర్కుట్ గుర్తుందా? 2004 జనవరిలో మొదలైంది, నెట్ సెంటర్లో గంటకింత అని కట్టి స్క్రాపులు రాసుకున్న కుర్రాళ్ళు మీ ఊళ్ళోనూ ఉండే ఉంటారు, 2014 సెప్టెంబరు 30న గూగుల్ దానికి తాళం వేసేసింది. మైస్పేస్‌ని 2005లో 58 కోట్ల డాలర్లకు కొన్నారు, 2011లో సుమారు మూడున్నర కోట్లకు వదిలించుకున్నారు. పోనీ డబ్బుంటే బతుకుతాయా అంటే గూగుల్ ప్లస్ వెనకాల గూగులే ఉంది, అయినా 2019 ఏప్రిల్‌లో మూసేశారు. మన దేశంలో పుట్టిన, ట్విటర్ లాంటి ‘కూ’ 2020లో వచ్చి 2024లో వెళ్ళిపోయింది. టిక్‌టాక్‌ది ఇంకో కథ, జనం బాగానే చూస్తుండగా 2020 జూన్‌లో ప్రభుత్వం ఒక్క ఉత్తర్వుతో ఆపేసింది, దాన్నే నమ్ముకున్న చిన్న ఊళ్ళ కళాకారులు తెల్లారేసరికి మొదటికొచ్చారు.

అందుకని మీ అన్నయ్య మాట పూర్తిగా కొట్టిపారేయలేను. కానీ మానేయమనడం కూడా తప్పే. ఫేస్‌బుక్‌ని నెలకొక్కసారైనా తెరిచేవాళ్ళు 2023 నాటికే 300 కోట్లు దాటారు. డబ్బున్న దేశాల్లో చేరాల్సినవాళ్ళు ఎప్పుడో చేరిపోయారు, ఇక పెరగాలంటే మనలాంటి చోటే పెరగాలి. 2016లో జియో వచ్చి డేటా చవకైన దగ్గర్నుంచి జరుగుతున్నది అదే.

అయితే ఇక్కడో మెలిక ఉంది, మీ చీరలు కనబడకపోవడానికీ దానికీ సంబంధం ఉంది. 2023 చివరి మూడు నెలల్లో ఫేస్‌బుక్‌కి అమెరికా, కెనడాల్లో మనిషికి సగటున 68 డాలర్ల ఆదాయం వచ్చింది. మనం ఉన్న ఆసియా పసిఫిక్‌లో ఐదున్నర డాలర్లు. అంటే తలలు మనవి, డబ్బు వాళ్ళది. మన దగ్గర సంపాదన పెంచుకోవాలంటే వాళ్ళకున్న దారి ప్రకటనలే, ఉచితంగా చూపించేదాన్ని తగ్గిస్తేనే మీరు డబ్బు కట్టి బూస్ట్ చేస్తారు. దానికితోడు ఇప్పుడు ఫీడ్‌లో ఎవరి పోస్టు ముందు రావాలన్నది ఫాలో అయినదాన్ని బట్టే కాదు, ఎంతసేపు కళ్ళప్పగించి చూస్తారన్న లెక్కను బట్టి కూడా నడుస్తోంది. ట్యూబులైటు కింద మడత పెట్టి తీసిన చీర ఫొటో ఆ లెక్కలో ఎప్పుడూ ఓడిపోతుంది. అదే చీర పగటి వెలుతురులో పమిట మడత విప్పుతూ, కుంభం అంచు (గుడి గోపురాల్లాంటి అంచు) దగ్గర వేలు పెట్టి చూపిస్తూ, మగ్గం చప్పుడు వినిపించేలా ఇరవై సెకన్ల వీడియో తీయండి, తేడా మీకే తెలుస్తుంది. రంగు కూడా ఉన్నదున్నట్టు పడుతుంది, పార్సిల్ వెనక్కి రావడమూ తగ్గుతుంది.

అసలు పని మాత్రం ఇది. చీర కొన్న ప్రతి ఒక్కరి పేరు, ఊరు, ఫోన్ నంబరు మామూలు నోటుపుస్తకంలో రాసుకోండి. మీ నంబరు వాళ్ళ ఫోన్లో సేవ్ చేయించండి, అలా చేయకపోతే వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ వాళ్ళకు చేరదు. పేజీ ఆ కంపెనీది. పుస్తకం మీది. షాపు మీ అన్నయ్య చూసుకుంటాడు, ఈ పుస్తకం మీరు చూసుకోండి.

ప్రశ్న: పర్లాకిమిడిలో మా వీధి గ్రూపులో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారని మెసేజీలు. మా అమ్మకి ఒకటే టెన్షన్, మనవడిని గుమ్మం దాటనివ్వడం లేదు. ఇంత పెద్ద కంపెనీలు దీన్ని ఆపలేవా?

జవాబు: ముందు అమ్మగారికి చెప్పండి, అలాంటిది నిజంగా జరిగితే కబురు మీ ఊరి పోలీస్ స్టేషన్‌లో ఉంటుంది, ఒక్క ఫోన్ చేస్తే తేలిపోతుంది. ఇది నవ్వుకుని వదిలేసే విషయం కాదు. 2018 జూలైలో మహారాష్ట్ర ధూలే జిల్లాలో ఇదే పుకారు నమ్మి ఐదుగురిని కొట్టి చంపేశారు. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజీని ఒకేసారి ఐదు చాట్‌లకు మించి పంపకుండా కట్టడి చేసింది. 2020 ఏప్రిల్ నుంచి బాగా చేతులు మారిన మెసేజీ ఒకసారికి ఒక్క చాట్‌కే వెళ్తుంది. అంతకుమించి వాళ్ళు చేయగలిగింది తక్కువ, ఎందుకంటే 2016 నుంచి అక్కడి మాటలు పంపినవాళ్ళకీ అందుకున్నవాళ్ళకీ తప్ప ఎవరికీ కనబడవు. మన గుట్టు కాపాడేదీ అదే, పుకారును దాచేదీ అదే.

ఫేస్‌బుక్ పోస్టుల సంగతి వేరు, అక్కడ కంపెనీ చదవగలదు. కానీ మన ఒడిశా, ఆంధ్రా సరిహద్దు ఊళ్ళలో రాసే తీరు చూడండి: ‘పిలా చోర్ వచ్చాడంట, పిల్లలు జాగర్త’ అని సగం ఒడియా, సగం తెలుగు, అదీ ఇంగ్లిష్ అక్షరాల్లో. దీన్ని పట్టుకునేలా మెషిన్‌కి నేర్పాలంటే మనుషులు కావాలి, డబ్బు కావాలి. హిందీలో ద్వేషపు రాతల్ని పట్టే ఏర్పాటే ఫేస్‌బుక్‌కి 2018 దాకా లేదు, మన వీధి భాష దాకా ఎప్పటికొస్తారు? పైన చెప్పిన 68 డాలర్లు, ఐదున్నర డాలర్ల లెక్క ఇక్కడ కూడా పని చేస్తుంది. ఇప్పుడు ఏఐతో దొంగ వీడియోలు, దొంగ గొంతులు కూడా వచ్చాయి కాబట్టి ఈ తలనొప్పి ఇంకా పెరుగుతుంది. ఈలోపు మీ గ్రూపు అడ్మిన్ ఎవరో మీకు తెలుసు కదా, ఆయన్ని పట్టుకోండి. అనుమానంగా ఉన్న మెసేజీని అందరికీ డిలీట్ చేసే వీలు అడ్మిన్‌కి ఉంది.

ప్రశ్న: రాయగడలో ఉంటాం. తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి ఇన్‌స్టా కావాలని గొడవ. ఇవ్వొచ్చా?

జవాబు: కంపెనీ పెట్టుకున్న వయసు 13. మన 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం 18 లోపు వాళ్ళ వివరాలు వాడాలంటే అమ్మానాన్నల అనుమతి ఉండాలి. ఆస్ట్రేలియా అయితే 2025 డిసెంబరు నుంచి 16 లోపు వాళ్ళకు ఖాతాలే వద్దంది. నన్నడిగితే పదో తరగతి పరీక్షలు అయ్యేదాకా ఆగమంటాను, కానీ అమ్మాయి ఇప్పటికే స్నేహితురాలి ఫోన్లో దొంగచాటుగా ఖాతా తెరిచేసి ఉంటే ఆగమనడంలో అర్థం లేదు. అప్పుడు అసలు వయసుతో కొత్తది మీరే తెరిచి ఇవ్వండి, టీనేజ్ ఖాతా ముందే ప్రైవేటుగా ఉంటుంది. ఇంకో మాట, మీరు భోజనాల దగ్గర రీల్స్ చూడడం మానండి ముందు.

ప్రశ్న: గుణుపురంలో టీచర్ని. నా ఫొటోతో ఎవరో దొంగ ఖాతా తెరిచి నా స్నేహితుల్ని డబ్బులడుగుతున్నారు. ఏం చేయాలి?

జవాబు: ఆ దొంగ ఖాతా స్క్రీన్‌షాట్, లింకు రెండూ దాచుకోండి. తర్వాత మీరూ, మీకు తెలిసినవాళ్ళూ ఆ ప్రొఫైల్ దగ్గరున్న మూడు చుక్కలు నొక్కి, వేరే మనిషిలా నటిస్తున్నారని రిపోర్ట్ చేయండి. దానికి స్పందన లేకపోతే కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి, 2021 ఐటీ నియమాల ప్రకారం ఆ అధికారి ఉండి తీరాలి. ఎవరైనా ఇప్పటికే డబ్బు పంపేసి ఉంటే ఇవన్నీ తర్వాత, ముందు వాళ్ళ చేత సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి, ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు బ్యాంకులో ఆగే అవకాశం అంత ఎక్కువ. మీ అసలు ఖాతాలో ఫ్రెండ్స్ లిస్టు ఎవరికీ కనబడకుండా పెట్టుకోండి, ఎవరిని అడగాలో ఆ దొంగకి పేర్లు దొరికేది సాధారణంగా అక్కడే.