కోవళం భోజనం నీ చేతుల మీదుగా

సింధూ,

ఈ ఏడు చెన్నై పక్క కోవళంలో మనింటి భోజనం నువ్వే చూసుకుంటానని గ్రూపులో పెట్టావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. గర్వం దాచుకోవడం వాడికి ఎప్పుడు చేతనయింది కనుక! నాకూ సంతోషమే. బెంగళూరులో కాపురం పెట్టి ఏడాది తిరక్కుండానే ఇరవైమంది బరువు నెత్తికెత్తుకున్నావు. కానీ నీ మెసేజ్‌లో రెండో వాక్యం చదివాక నాకు నిద్ర పట్టలేదు. "బిల్లు తలకింత, అక్కడే ఫోన్‌లో పంపేసుకుందాం" అన్నావే, అది. దాని సంగతికి వస్తాను, ముందు చిన్నవి కానీ.

శనివారం పెట్టకు, మీ పెదనాన్న నీచు ముట్టడు. ఆదివారమైతే తొమ్మిదికల్లా టి.నగర్ దాటాలి, ఆలస్యమైతే ఈసీఆర్ రోడ్డు మీద బండి కదలదు. నానమ్మకి చేతులున్న కుర్చీ, మెట్లెక్కనక్కర్లేని చోట టేబుల్ ముందే అడుగు. తిన్నాక పిల్లల్ని సముద్రంలో దిగనివ్వకు, మీ నాన్న వెంట ఉన్నా సరే. మీ నాన్న వెంట ఉంటే మరీనూ.

మేలో అంటున్నావు. పిల్లల సెలవులు, నిజమే. కానీ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తూర్పు తీరంలో మరపడవలు వేటకి పోకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు ఆపుతుంది. అప్పుడు దొరికే వంజరంలో చాలావరకు కేరళ వైపు నుంచి ఐసులో వచ్చిందే, ధర కూడా మండిపోతుంది. నానమ్మ నెల్లూరు మనిషి. ముక్క నోట్లో పెట్టుకోగానే ఐసుచేపని పట్టేస్తుంది, పట్టేసి ఊరుకోదు, వంటాయన్ని పిలవమంటుంది. నాటుపడవలకి ఆ నిషేధం లేదు కాబట్టి నెత్తళ్ళలాంటి చిన్న చేపలు తాజాగా దొరుకుతాయి. బుక్ చేసేటప్పుడే అడుగు. కరకరలాడే నెత్తళ్ళ వేపుడు ఒక ప్లేటు ముందుంటే ఆవిడ వంజరం ఊసెత్తదు.

ఇక బిల్లు.

ఈ భోజనం మొదలుపెట్టింది మీ తాతయ్య. ఆండర్సన్ వీధిలో కాగితాల కొట్టు కదా, పెళ్ళిపత్రికల సీజన్ అయిపోగానే లాభంలో కొంత తీసి, మిగిలిపోయిన పత్రిక కవరు ఒకటి చూసి అందులో పెట్టేవారు. నాలుగు మూలలా పసుపు, మీద ఎవరిదో పెళ్ళికూతురి పేరు. ఆ కవరు జేబులో పెట్టుకుని అందర్నీ ఫిషర్‌మన్స్ కోవ్‌కి తీసుకెళ్ళేవారు. 1974లో ఆ హోటల్ తెరిచింది పాత కోట ఉన్న చోటే. ఆ కోటని 1752లో క్లైవు పట్టుకున్న కథ వడ్డించే కుర్రాడికి చెప్పందే మీ తాతయ్యకి ముద్ద దిగేది కాదు. ఏటా కుర్రాడు మారేవాడు, కథ మాత్రం అదే. బిల్లు వచ్చాక కళ్ళజోడు పెట్టుకుని ప్రతి వరుసా పైకి చదివి, పెన్సిల్‌తో కూడి, అప్పుడు కవరు తీసేవారు. మేమంతా సిగ్గుతో తలలు వంచుకుని కూర్చునేవాళ్ళం.

మా పెళ్ళయిన కొత్తల్లో మీ మామయ్య ఒక ఘనకార్యం చేశాడు. చెయ్యి కడుక్కుంటానని లేచివెళ్ళి, కౌంటర్ దగ్గర డబ్బు కట్టేసి వచ్చాడు. బ్యాంకు ఆఫీసరు, కొత్త అల్లుడు, చేతిలో జీతం. నాన్న బిల్లు తెమ్మంటే కుర్రాడు "అయిపోయింది సార్" అన్నాడు. నాన్నకి ముందు అర్థం కాలేదు. తర్వాత జేబులోంచి కవరు తీసి బల్ల మీద పెట్టి, ముడతపడ్డ మూలని బొటనవేలితో సాపుచేస్తూ కూర్చున్నారు. "మేం లేమా మామయ్యగారూ" అని మీ మామయ్య ఒకటే నవ్వు! నేను కాలు తొక్కినా ఆపలేదు.

తిరుగు ప్రయాణంలో నాన్న నోరు విప్పలేదు. తర్వాతి ఏడు మోకాళ్ళ నొప్పి అన్నారు. ఆ పైయేడు ఎవరూ మాటే ఎత్తలేదు. మీ మామయ్యకి నేను చెప్పని రోజు లేదు, ముసలాయన పంతమని కొట్టిపారేసేవాడు. చివరికి ఏమనిపించిందో, ఒక సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని కొట్టుకి వెళ్ళి, "మామయ్యగారూ, ఆవేళ బిల్లు డబ్బులు మీరు నాకింకా ఇవ్వలేదు" అన్నాడు. నా గుండె ఆగిపోయింది. నాన్న వాణ్ణి కాసేపు ఎగాదిగా చూసి, సొరుగు లాగారు. అదే కవరు. నోట్లు లెక్కపెట్టి ఇచ్చి, "రసీదు రాయి" అన్నారు. మీ మామయ్య బుద్ధిగా రాసిచ్చాడు. వచ్చిన ఆదివారమే కోవళం వెళ్ళాం.

ఇప్పుడా కవరు నానమ్మ దగ్గరుంటుంది. పెట్టేది తన చీటీ డబ్బులు. ఈ రోజుల్లో అవి జ్యూసులకి కూడా చాలవు. అందుకే చెబుతున్నా, నువ్వు ముందుగానే అడ్వాన్సు కట్టెయ్యి, కొంచెమే మిగిలేలా చూసుకో. ఆ మిగిలినదానికే చివర్లో బిల్లు తెమ్మను. నానమ్మ కవరిస్తే రెండు చేతులతో అందుకుని అందరి ముందూ అక్కడే కట్టు. వాటాలు ఇంటికొచ్చాక పంచుకుందాం, నా వాటా నేనూ ఇస్తాను. వాటాలు వద్దని కాదు నా బాధ, ఆవిడ ఎదురుగా ఇరవై ఫోన్లు బయటికి తీయొద్దనే.

పెద్దావిణ్ణి మోసం చేయడం కాదా అంటావు. పోయినేడు ఆవిడే నన్ను గిల్లి, "ఏమే, మెడ్రాసులో ఇంకా ఇంత చవకా?" అంది. అన్నీ తెలుసే ఆవిడకి.

మీ ఆయనకి కూడా ఈ ఉత్తరం చదివి వినిపించు. భోజనం మధ్యలో చెయ్యి కడుక్కోడానికి లేస్తే వెనకాలే మీ మామయ్యని పంపిస్తాను, కొత్తల్లుళ్ళ సంగతి ఆయనకి బాగా తెలుసు.

మీ అత్త