ఎక్కువ తెలిసినవాళ్లు ఎందుకు అర్థమయ్యేలా చెప్పలేరు?

మీ అక్కగారు ఊపిరితిత్తుల డాక్టర్ అయి ఉండి, సొంత తండ్రికి ఆయన మందు సంగతే అర్థమయ్యేలా చెప్పలేకపోతున్నారని రాశారు. చదువు పెరిగేకొద్దీ చెప్పే నేర్పు తగ్గుతుందా అని అడిగారు. నేను మెడికల్ షాపులో ఫార్మసిస్టుని. డాక్టర్ చెప్పినది మనిషికి ఎంతవరకు చేరిందో మా కౌంటర్ దగ్గర బయటపడుతుంది కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

అందరూ నెపం ఇంగ్లిషు పదాల మీదికి నెడతారు. నేను ఒప్పుకోను. తెలియని పదం వినబడితే, తెలియలేదన్న సంగతైనా తెలుస్తుంది. చొరవ ఉన్నవాళ్లు అడుగుతారు. అసలు చెప్పకుండా దాటేసినదాని గురించి ఎవరు అడుగుతారు?

ఉబ్బసానికి ఇచ్చే పొడి మందునే చూడండి. పైకి మామూలు క్యాప్సూల్‌లాగే ఉంటుంది. దాన్ని చిన్న ప్లాస్టిక్ పరికరంలో పెట్టి, తిప్పి, లోపలి పొడిని నోటితో గట్టిగా పీల్చాలి. చీటీలో మాత్రం ఉదయం ఒకటి, రాత్రి ఒకటి అని ఉంటుంది. అందులో అర్థం కాని ముక్క ఒక్కటీ లేదు. అందుకే ఇంటికి వెళ్లి నీళ్లతో మింగేస్తారు. ఇలా మింగినవాళ్లను చాలామందిని చూశాను. ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చి, ఆయాసం తగ్గడం లేదు, ఇంకాస్త పవర్ ఉన్నది ఇవ్వమన్నారు. పరికరం ఏదండీ అంటే, పెట్టె కూడా విప్పకుండా బీరువాలో దాచానన్నారు. చదువు లేక కాదు కదా! డాక్టర్‌కు ఆ క్యాప్సూల్ కనబడగానే పీల్చడమే గుర్తుకొస్తుంది. మింగే అవకాశం ఉందన్న ఊహే రాదు. రాని ఊహకు హెచ్చరిక ఎక్కడి నుంచి వస్తుంది?

1990లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఎలిజబెత్ న్యూటన్ అనే పరిశోధకురాలు కొందరి చేత అందరికీ తెలిసిన పాటల దరువును బల్ల మీద వేలితో కొట్టించారు. వినేవాళ్లు పాట పేరు చెప్పాలి. సగమైనా పోల్చుకుంటారని కొట్టినవాళ్లు అనుకున్నారు. 120 పాటల్లో పోల్చుకున్నది మూడే. కొట్టేవాళ్లకు పాట మొత్తం లోపల వినబడుతూ ఉంటుంది. ఎదుటివాళ్లకు వినబడేది టకటక మాత్రమే.

మా షాపులో ఇంకొకటి గమనించాను. కొత్తగా చేరిన కుర్రాడు పిల్లల యాంటీబయాటిక్ పొడి సీసా ఇచ్చేటప్పుడు, కాచి చల్లార్చిన నీళ్లు ఈ గీత దాకా పోయాలి, బాగా కుదపాలి, నురగ దిగాక నీళ్లు తగ్గినట్టు కనిపిస్తే మళ్లీ గీత దాకా పోయాలి అని వేలు పెట్టి చూపిస్తాడు. అతనికి ఆ అనుమానాలన్నీ ఈమధ్యే వచ్చి ఉంటాయి. కొన్నాళ్లకు అతనూ ‘నీళ్లు కలపండి’ అని సరిపెడతాడు. చేయి తిరిగిందంటే ఇదే మరి.

అలాగని పెద్దవాళ్లకు పసిపిల్లలకు చెప్పినట్టు సాగదీసి చెప్పడం కూడా నాకు గిట్టదు. మీ నాన్నగారికి బుద్ధి తక్కువ కాదు, మధ్యలో ఒక మెట్టు అందలేదు అంతే. ‘అర్థమైందా?’ అని మాత్రం అడగవద్దనండి. మన ఇళ్లలో పెద్దవాళ్లు డాక్టర్ కూతురి ముందు అర్థం కాలేదని అంటారా? తలూపేస్తారు. మందు ఆయన చేతికిచ్చి, రోజూ ఎలా వేసుకుంటున్నారో అలాగే ఒకసారి చేసి చూపించమనాలి. ఎక్కడ చేయి ఆగిందో, అక్కడి నుంచి చెబితే చాలు. ఆయన చేస్తున్నంతసేపూ మీ అక్కగారు మధ్యలో మాట్లాడకూడదు. ఆవిడకు కష్టమయ్యేది ఇదే.