ఏ గడిలో టిక్కు పెట్టాలి?

ప్రశ్న: నేను తెలుగమ్మాయిని, మా వారు నల్లజాతి అమెరికన్. అమెరికాలోనే ఉంటున్నాం. 14 ఏళ్ల మా పాప ఈమధ్య బడి దరఖాస్తులో జాతి అన్న గడిని ఖాళీగా వదిలేసి, ‘నేనెవర్ని?’ అని అడిగింది. ‘రంగుతో పనేముంది, అందరం మనుషులమే’ అన్నాను. అప్పటినుంచి ముభావంగా ఉంటోంది. అంతకుముందే మా అమ్మ వీడియో కాల్‌లో, ‘అన్నీ నీ పోలికే, రంగు ఒక్కటే తండ్రిది వచ్చింది’ అంది. నేను మాట మార్చేశాను. పాప అమ్మమ్మతో మాట్లాడటం మానేసింది. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, మీరన్న మాట తప్పు కాదు, కానీ పాప అడిగినదానికి అది జవాబు కాదు. మనుషుల మధ్య ఉండే జన్యు భేదాల్లో అత్యధిక భాగం ఒకే జాతిగా చెప్పుకునేవారి లోపలే కనిపిస్తుంది కనుక, జాతి రక్తంలో ఉన్న గీత కాదన్నది నిజమే. అయితే ఆ గీతను సమాజం గీసింది, దాని ప్రకారమే మీ పాపను రోజూ చూస్తోంది. ‘రంగుతో పనేముంది’ అని తల్లి అన్నప్పుడు, బయట తనకు ఎదురవుతున్నదాన్ని ఇంట్లో చెప్పుకునే దారి మూసుకుపోయిందని ఆమెకు అనిపించి ఉంటుంది.

ఆ గీత ఎన్నిసార్లు చోటు మారిందో పాపకు చెప్పండి. 1923లో భగత్ సింగ్ థిండ్ అనే సిక్కు (మన విప్లవవీరుడు భగత్ సింగ్ కాదు) తాను శ్వేతజాతీయుడినేనంటూ పౌరసత్వం కోరితే, అమెరికా సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. 1930, 1940 జనగణనల్లో మనవాళ్లను ‘హిందూ’ అన్న జాతి కింద రాసుకున్నారు, 1970లో శ్వేతజాతీయుల్లో కలిపారు, 1980లో ‘ఏషియన్ ఇండియన్’ అన్నారు. 2000కు ముందు జనగణనలో ఒకటికి మించి జాతులు గుర్తించుకునే వీలే లేదు. అంటే మీ పాప లాంటివారు కాగితం మీద తల్లినో తండ్రినో వదులుకోవాల్సి వచ్చేది. ఇది తెలిస్తే, గడి నింపలేకపోవడం తన లోపమని ఆమె అనుకోదు. రేపు తనను నల్లజాతి అమ్మాయిననే చెప్పుకుంటే మీ మనసు చివుక్కుమనవచ్చు, కానీ అది మిమ్మల్ని కాదనుకోవడం కాదు.

మీ ఉత్తరంలో మీ వారి మాట ఒక్కటీ లేకపోవడం నాకు వింతగా తోచింది. పోలీసులు ఆపితే చేతులు ఎక్కడ ఉంచాలో, ఎలా మాట్లాడాలో అక్కడ ఎందరో నల్లజాతి తల్లిదండ్రులు పిల్లలకు ముందే నేర్పుతారు. అలాంటి విషయాలు ఆయన చెబుతుంటే మీరూ పక్కన కూర్చుని వినండి; మధ్యలో ఓదార్చే ప్రయత్నం చేయకండి.

ఇక మీ అమ్మగారి సంగతి. నా దృష్టిలో ఆవిడ మాట కన్నా మీరు మాట మార్చడమే పాపను ఎక్కువ బాధపెట్టింది. ‘పెద్దావిడ, ఏదో అనేసింది’ అని సర్దిచెప్పకుండా, పాప వినేలా, ‘అమ్మా, ఆ మాట తప్పు, ఇంకెప్పుడూ అనకు’ అని చెప్పండి. ఆ వెంటనే అమ్మమ్మతో మాట్లాడమని పాపను బలవంతపెట్టవద్దు. దరఖాస్తులో ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంటే, తనంతట తాను నింపేదాకా అలాగే ఉండనివ్వండి.