సూట్‌కేసులో పెట్టుకొచ్చే ఆ ట్యూబు గురించి

జులై వచ్చిందంటే విశాఖలో ఏ వీధికి వెళ్ళినా ఎవరో ఒకరు అమెరికా ప్రయాణానికి సామాన్లు సర్దుతూ కనిపిస్తారు. సెలవుల్లో ఎంవీపీ కాలనీలో అమ్మానాన్నల దగ్గరికి వచ్చినప్పుడల్లా చుట్టుపక్కల పిల్లలు, వాళ్ళ అమ్మలు సందేహాలతో వస్తుంటారు. కుక్కర్ ఏ సైజుది తీసుకెళ్ళాలి, ఆవకాయ ఎలా ప్యాక్ చెయ్యాలి, మందులు ఏమేం పెట్టాలి అని. మందుల సంచీ విప్పి చూపిస్తే జ్వరం మాత్రల పక్కన దాదాపు ప్రతి సంచీలోనూ ఒక ట్యూబు ఉంటుంది. "దురదకీ, తామరకీ, మచ్చలకీ అన్నిటికీ ఇదే పనిచేస్తుందటండీ, మెడికల్ షాపులో ఇచ్చారు" అంటారు.

ఆంధ్రా యూనివర్సిటీలో ఫార్మసీ చదివాను. చాలా ఏళ్ళుగా న్యూజెర్సీలో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. చర్మం చూసి జబ్బు పేరు చెప్పాల్సింది డాక్టరే, నేను కాదు. కానీ కొత్తగా వచ్చిన మనవాళ్ళు ఎక్కడ ఇబ్బంది పడుతున్నారో కౌంటర్ వెనక నిలబడి చూస్తూనే ఉన్నాను. అందుకే మిగతావన్నీ పక్కన పెట్టి ముందు ఆ ట్యూబు గురించి చెప్తాను.

దాని మీద సన్న అక్షరాల్లో ఉన్నది చదవండి. క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్ లాంటి పేరు కనిపిస్తే అందులో స్టెరాయిడ్ ఉన్నట్టే. చాలా ట్యూబుల్లో దానికి తోడు ఫంగస్‌కి ఒక మందు, బ్యాక్టీరియాకి ఒక మందు కలిపి ఉంటాయి. తామర ఫంగస్ వల్ల వస్తుంది. దాని మీద ఈ ట్యూబు రాయగానే స్టెరాయిడ్ పుణ్యమా అని రెండు మూడు రోజుల్లో దురద తగ్గుతుంది. నయమైపోయిందనుకుని ఆపేస్తాం. కానీ ఫంగస్ మీద మన చర్మం చేసే పోరాటాన్నే స్టెరాయిడ్ అణిచేస్తుంది. పైకి నెమ్మదించినట్టు కనిపించినా కింద అది పాకుతూనే ఉంటుంది. మందు ఆపాక మళ్ళీ బయటపడుతుంది, ఈసారి తొడల సందుల నుంచి నడుము దాకా. మళ్ళీ అదే ట్యూబు. ఇలా కొన్ని నెలలు గడిచేసరికి తామరకి ఉండే గుండ్రటి అంచు కూడా చెరిగిపోయి, చూసిన డాక్టరుకే అది తామరో కాదో తేల్చడం కష్టమవుతుంది.

విశాఖ ఉక్కపోతలో, ఒంటికి అతుక్కునే జీన్స్‌లో తామర రావడం వింతేమీ కాదు, సిగ్గుపడాల్సిన విషయం అంతకన్నా కాదు. కానీ సిగ్గు వల్లే పిల్లలు డాక్టరు దగ్గరికి వెళ్ళకుండా మెడికల్ షాపుకి వెళ్తున్నారు. స్టెరాయిడ్ పూత మందులు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని మన ప్రభుత్వం 2018లో వాటిని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. దాని కోసం చర్మవైద్యుల సంఘం ఐఏడీవీఎల్ ఎంతో గట్టిగా పోరాడింది. అయినా అడిగితే ఇచ్చే షాపులు ఇప్పటికీ ఉన్నాయి.

ఇక అమెరికా వెళ్ళేవాళ్ళు తప్పకుండా తెలుసుకోవాల్సింది ఒకటుంది. మన దేశంలో కొన్నేళ్ళుగా మామూలు మందులకి లొంగని తామర బాగా వ్యాపించింది. దానికి కారణమైన ఫంగస్‌కి 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. న్యూయార్క్ నగరంలో ఇద్దరిలో దాన్ని గుర్తించినట్టు 2023లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ప్రకటించింది. అమెరికాలో దాన్ని గుర్తించడం అదే మొదటిసారి. అక్కడి డాక్టర్లు తామరకి సాధారణంగా ముందు రాసే టెర్బినాఫిన్‌కి ఈ రకం చాలాసార్లు లొంగదు. ఇట్రాకొనజోల్ లాంటి మందు వారాల తరబడి, డాక్టరు పర్యవేక్షణలో వాడాల్సి రావచ్చు. అమెరికాలో మీరుండే ఊళ్ళో చూసే డాక్టరుకి ఇలాంటి కేసు ఇంతకు ముందు తగిలి ఉండకపోవచ్చు. కాబట్టి మీరే చెప్పండి: "నేను ఈ మధ్యే ఇండియా నుంచి వచ్చాను, ఇన్నాళ్ళు ఈ ట్యూబు వాడాను, అక్కడ మందులకి లొంగని రకం ఉంది, పొట్టు గీకి పరీక్ష చేస్తారా?" చర్మం మీద పొట్టు కొద్దిగా గీకి మైక్రోస్కోప్ కింద చూసే పరీక్ష అది. నొప్పి ఉండదు, ఫంగస్ ఉందో లేదో కాసేపట్లోనే తెలుస్తుంది. ఏ రకమో తెలియాలంటే మాత్రం ల్యాబుకి పంపాలి, దానికి వారాలు పడుతుంది.

మొహానికి రాసేవాళ్ళ సంగతి తలుచుకుంటే నాకు మరీ బాధగా ఉంటుంది. తెల్లబడతామనో, మొటిమల మచ్చలు పోతాయనో స్టెరాయిడ్ క్రీము నెలల తరబడి రాస్తారు. మొదట్లో మొహం నున్నగా కనిపిస్తుంది. తర్వాత చర్మం పల్చబడుతుంది, సన్న రక్తనాళాలు పైకి తేలతాయి, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి, ఎండలోకి వెళ్తే మంట. ఆపుదామంటే మొహమంతా ఎర్రబడి మండుతుంది, దాంతో మళ్ళీ రాస్తారు. ఇప్పటికే ఇలా అలవాటు పడి ఉంటే విమానం ఎక్కకముందే విశాఖలో డీవీఎల్ చదివిన చర్మవైద్యుల్ని కలిసి, ఎలా మానాలో అడగండి. ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో చర్మవ్యాధుల ఓపీ ఉంది, బయట అనుభవమున్న డాక్టర్లూ ఉన్నారు. బోర్డు మీద స్కిన్, హెయిర్ అని పెద్దగా రాసినంత మాత్రాన లోపల చర్మవైద్యులు ఉన్నట్టు కాదు, డిగ్రీ చూసుకోండి.

అలాగని స్టెరాయిడ్ అంటే భయపడిపోవద్దు. ఎగ్జిమా అనే దురద జబ్బుకి సరైన మోతాదులో, సరైన చోట, డాక్టరు చెప్పినన్ని రోజులు వాడితే అంత బాగా పనిచేసే మందులు తక్కువ. జబ్బు పేరు తెలియకుండా రాయడమే చేటు.

ఎగ్జిమా అన్నాను కాబట్టి చలికాలం గురించి చెప్తాను. బీచ్ రోడ్డు గాలిలో పెరిగిన చర్మానికి తేమ అలవాటు. న్యూజెర్సీలో డిసెంబరు వచ్చేసరికి బయట గాలి పొడి, లోపల హీటర్ వల్ల ఇంకా పొడి. చలిగా ఉందని వేడి వేడి నీళ్ళతో అరగంట స్నానం చేస్తారు. ఒంట్లో మిగిలిన కాస్త నూనె కూడా కొట్టుకుపోతుంది. కాళ్ళు చేప పొలుసుల్లా పగులుతాయి, రాత్రి దురదకి నిద్ర ఉండదు. అప్పుడు సూట్‌కేసులో ట్యూబు గుర్తొస్తుంది. దానికి కావాల్సింది ట్యూబు కాదు. గోరువెచ్చటి నీళ్ళు, అయిదు పది నిమిషాల స్నానం, వాసన లేని సబ్బు. తుడుచుకోగానే, తడి పూర్తిగా ఆరకముందే చిక్కటి మాయిశ్చరైజర్. పంపు సీసాలో వచ్చే పల్చటి లోషన్ కన్నా డబ్బాలో వచ్చే చిక్కటి క్రీము మేలు, బాగా పగిలిన చోట వట్టి పెట్రోలియం జెల్లీ ఇంకా మేలు. కొబ్బరినూనె అలవాటున్నవాళ్ళు రాసుకోవచ్చు, కానీ నుదుటి మీదికి కారేలా తలకి నూనె పెడితే అక్కడ మొటిమలు లేస్తాయి. రెండు మూడు వారాలు ఇలా శ్రద్ధగా చేసినా మోచేతి మడతల్లో, మోకాళ్ళ వెనక దురద, మందమైన మచ్చలు ఉంటే అది వట్టి పొడిచర్మం కాదు, డాక్టరు చూడాలి.

మన చర్మం రంగు సంగతి కూడా గుర్తుంచుకోండి. ఇంటర్నెట్‌లో చూసే ఫొటోలు ఎక్కువగా తెల్లవాళ్ళ చర్మానివి. వాళ్ళకి ఎర్రగా కనిపించే వాపు మనకి ముదురు గోధుమ రంగులోనో, ఊదాగానో, బూడిద రంగులోనో కనిపిస్తుంది. ఎరుపు లేదు కాబట్టి ఏమీ లేదని మీరూ అనుకోవద్దు, డాక్టరునీ అనుకోనివ్వద్దు. మంచి వెలుతురులో ఫొటోలు తీసి పెట్టుకోండి. దద్దుర్లయితే మరీ ముఖ్యం, అపాయింట్‌మెంట్ రోజుకి అవి మాయమైపోతాయి.

నలుగురైదుగురు కలిసి అపార్ట్‌మెంట్‌లో దిగే పిల్లలకి గజ్జి ఒకరి నుంచి ఒకరికి సులువుగా అంటుకుంటుంది. పగలంతా ఫరవాలేదు, రాత్రి పడుకోగానే దురద. వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర, నడుము చుట్టూ చిన్న పొక్కులు. రూమ్మేటుకి కూడా ఉంటే దాదాపు అదే అనుకోవచ్చు. దానికి వాడే అయిదు శాతం పెర్మెత్రిన్ క్రీము అమెరికాలో చీటీ ఉంటేనే ఇస్తారు. దురద ఉన్నవాళ్ళే కాదు, ఇంట్లో ఉన్నవాళ్ళందరూ ఒకే రాత్రి మెడ నుంచి పాదాల దాకా రాసుకోవాలి, డాక్టరు చెప్పినట్టు వారం తర్వాత మళ్ళీ రాయాలి, పక్కబట్టలు వేడి నీళ్ళలో ఉతకాలి. ఒక్కరు మొహమాటపడి చెప్పకపోతే అందరికీ తిరిగి వస్తుంది. ఇంకో మాట, వీధిలో ఎవరో వదిలేసిన పరుపుని తెచ్చుకోవద్దు. దాంతో నల్లులు వస్తే వదిలించుకోవడం చాలా కష్టం, ఖర్చు కూడా.

వేసవిలో ట్రెక్కింగ్ అని అడవుల్లోకి వెళ్తారు. అక్కడ పాయిజన్ ఐవీ అనే తీగ ఉంటుంది, ఒక్కో కాడకి మూడేసి ఆకులు. మామిడికాయ సొన మూతికి తగిలి పొక్కడం, జీడిపిక్కల నూనెకి చేతులు కాలడం మన ఉత్తరాంధ్రలో తెలియనిది కాదు. పాయిజన్ ఐవీ కూడా ఆ జీడి, మామిడి కుటుంబం మొక్కే, పొక్కించే పదార్థం కూడా ఇంచుమించు ఒకటే. తగిలిందని అనుమానం రాగానే సబ్బుతో కడిగేసుకోండి, బట్టలు, బూట్లు కూడా. మొహం మీదో కళ్ళ దగ్గరో పొక్కినా, ఒళ్ళంతా పాకినా డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే.

ఆ అడవుల్లో, గడ్డిలో పిడుదు లాంటి చిన్న పురుగులుంటాయి, అక్కడ టిక్ అంటారు. న్యూజెర్సీ వైపు వాటి వల్ల లైమ్ జబ్బు వస్తుంది. కుట్టిన మూడు రోజుల నుంచి నెల లోపు అక్కడ మచ్చ మొదలై రోజురోజుకీ పెద్దదవుతుంది, ఒక్కోసారి వలయంలా కనిపిస్తుంది, మన చర్మం మీద అంత స్పష్టంగా తెలియకపోవచ్చు. జ్వరం, ఒళ్ళునొప్పులు తోడైతే ఆగకూడదు. మొదట్లోనే పట్టుకుంటే యాంటీబయాటిక్‌తో నయమవుతుంది.

శోభి మచ్చలకి కంగారు అక్కర్లేదు. ఛాతీ, వీపు, మెడ మీద సన్నపొట్టుతో వచ్చే తెల్లటి మచ్చలివి. కీటోకొనజోల్ షాంపూ ఒక శాతంది చీటీ లేకుండానే దొరుకుతుంది. ఫంగస్ పోయినా రంగు తిరిగి రావడానికి నెలలు పడుతుంది, మందు పనిచేయలేదని మళ్ళీ మళ్ళీ రాయకండి. కానీ పొట్టు లేకుండా పాలలా తెల్లగా ఉన్న మచ్చ బొల్లి కావచ్చు, త్వరగా చూపించుకోవాలి. మచ్చ మీద స్పర్శ తెలియకపోతే అది కుష్టు కావచ్చు, మందుతో పూర్తిగా నయమవుతుంది, దాచుకోవద్దు.

మెడ వెనక, చంకల్లో నల్లగా, మందంగా మారితే అమ్మలు సున్నిపిండితో రుద్దమంటారు. అది మురికి కాదు. చాలాసార్లు ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదని చర్మం ఇచ్చే సూచన. షుగరు పరీక్ష చేయించుకోండి. ఇంట్లో షుగరు ఉన్న కుటుంబాల పిల్లలు అసలు వాయిదా వేయొద్దు.

మన రంగువాళ్ళకి చర్మ క్యాన్సర్ తక్కువే, రాదని మాత్రం కాదు. వచ్చినప్పుడు ఎండ తగలని చోట్ల, అరికాలిలోనో, అరచేతిలోనో, గోరు కిందో వస్తుంటుంది. గాయకుడు బాబ్ మార్లే కాలి గోటి కింద మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌తో మొదలైన జబ్బుతో 1981లో 36 ఏళ్ళకే చనిపోయాడు. దెబ్బ తగలకుండా గోటి మీద కొత్తగా నల్లగీత వచ్చినా, అరికాలి మచ్చ పెరుగుతున్నా, పుట్టుమచ్చ ఆకారం, రంగు మారినా, ఒక పుండు నెలైనా మానకపోయినా చర్మవైద్యుల దగ్గరికే వెళ్ళండి.

ఇవి కాక, అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడని పరిస్థితులున్నాయి. దద్దుర్లతో పాటు పెదాలు, నాలుక వాచినా, ఊపిరాడకపోయినా అక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చెయ్యండి. కొత్త మందు వేసుకున్నాక చర్మం ఊడుతున్నా, నోట్లో, కళ్ళలో పుండ్లు వచ్చినా ఎమర్జెన్సీకి వెళ్ళండి. కాలు ఎర్రబడి, వేడిగా, నొప్పిగా ఉండి జ్వరం వస్తే ఆ రోజే చూపించుకోవాలి. నడుముకో ఛాతీకో ఒకవైపే పట్టీలా మంటతో పొక్కులు లేస్తే అది సర్పి, దాని మందు మూడు రోజుల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. కంటి దగ్గర వస్తే ఒక్క పూట కూడా ఆలస్యం చెయ్యకండి.

మిగతావాటికి మన దగ్గరలాగా సాయంత్రం వెళ్ళి టోకెన్ తీసుకుని చూపించుకోవడం అక్కడ కుదరదు. చర్మవైద్యులు దొరకడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అందుకే వెళ్ళిన మొదటి నెలలోనే ఫ్యామిలీ డాక్టరుని పెట్టుకోండి, విద్యార్థులైతే యూనివర్సిటీ హెల్త్ సెంటర్ ఉంటుంది. తామర, గజ్జి, ఎగ్జిమా లాంటివి చాలావరకు వాళ్ళే చూస్తారు. కొన్ని ఇన్సూరెన్సుల్లో వాళ్ళ రెఫరల్, అంటే సిఫారసు చీటీ, లేకపోతే చర్మవైద్యుల ఫీజు మీ మీద పడుతుంది, కాబట్టి ముందే కనుక్కోండి, డాక్టరు మీ ఇన్సూరెన్సు నెట్‌వర్క్‌లో ఉన్నారో లేదో కూడా. అపాయింట్‌మెంట్ దూరంగా ఇస్తే ఒప్పుకుని, ఎవరైనా మానేస్తే పిలవమని క్యాన్సిలేషన్ లిస్టులో పేరు రాయించండి.

అపాయింట్‌మెంట్‌కి వెళ్ళే రోజు మేకప్, గోళ్ళరంగు లేకుండా వెళ్ళండి. ఇండియా నుంచి తెచ్చిన ట్యూబు అట్టపెట్టెతో సహా పట్టుకెళ్ళి, ఎన్ని నెలలు, ఎక్కడెక్కడ రాశారో దాచకుండా చెప్పండి. అక్కడి డాక్టరుకి మన బ్రాండు పేరు తెలియదు, పెట్టె మీద మందుల పేర్లు చదివితేనే అర్థమవుతుంది.