రిప్లై స్క్రీన్‌లో ఏ మాటకు జవాబో కనపడుతూనే ఉండాలి

మీ ఊరివాళ్ల కోసం సోషల్ యాప్ చేస్తున్నారు. రిప్లైలను ఒకదాని కింద ఒకటి లోపలికి జరుపుతూ చూపించాలా, వేరే స్క్రీన్ తెరవాలా, కీబోర్డ్ వచ్చి కామెంట్‌ను కప్పేస్తుంటే ఏం చెయ్యాలి అని అడిగారు. నేను హన్మకొండలో ఉంటాను. వరంగల్‌లోని ఏనుమాముల మార్కెట్‌కు సరుకు తెచ్చే రైతులు ధరల ముచ్చట పెట్టుకునే యాప్‌కు ఈ స్క్రీన్ నేనే కట్టాను. నేను నమ్మేది ఒక్కటే: రాసేవాళ్లకైనా, చదివేవాళ్లకైనా ఆ రిప్లై ఏ మాటకు జవాబో కళ్లముందే ఉండాలి.

తేజ, వండర్ హాట్ అనేవి మిర్చి రకాలు. మా దగ్గర ఒకే పోస్ట్ కింద ఒకాయన "తేజ ఎంత పలికింది?" అని అడుగుతాడు, ఇంకొకాయన "వండర్ హాట్ ఏమన్న లేచిందా?" అంటాడు. ఆ కింద ఒక రిప్లై: "నిన్నటికన్న ఐదొందలు తక్కువనే." ఏ మిర్చికి? అది చూసి ఇంకో రైతు బస్తాలు బండికెత్తడం ఆపేయవచ్చు. అందుకే ప్రతి రిప్లై పైన సన్నటి పట్టీలో అడిగినవారి పేరు, వాళ్ల మాట ఒకట్రెండు వరుసలు పెట్టండి. దాన్ని నొక్కితే అసలు కామెంట్ దగ్గరికి వెళ్లి, అది ఒకసారి రంగు మారి కనపడాలి.

ఈ పట్టీ ఉంటే లోపలికి జరపడం రెండు మెట్లతో ఆపేయవచ్చు. ఆపాలి కూడా. మామూలు ఫోన్ వెడల్పు 360 డీపీ (ఆండ్రాయిడ్‌లో స్క్రీన్ కొలత). మెట్టుకు 24 చొప్పున జరిపితే ఐదో మెట్టుకు 120 పోతాయి, అంటే మూడో వంతు. "మాట్లాడుకుంటున్నారు" లాంటి పదం మిగిలిన సందులో ఎక్కడో విరిగిపోతుంది. డేటాబేస్‌లో మాత్రం ప్రతి రిప్లైకి పేరెంట్ ఐడీ (అది ఏ కామెంట్‌కు జవాబో దాని నంబర్), రూట్ ఐడీ (ముచ్చట మొదలైన కామెంట్ నంబర్) రెండూ దాచండి. రూట్ ఐడీతో మొత్తం ముచ్చట ఒక్క క్వెరీలో, అంటే డేటాబేస్‌ను ఒక్కసారి అడిగితే, వస్తుంది, పేరెంట్ ఐడీతో పట్టీ నింపుకోవచ్చు. వేరే స్క్రీన్ అంటారా, రిప్లైలు ఎక్కువైనప్పుడే తెరవండి. తెరిచినా మొదటి కామెంట్ పైన కదలకుండా ఉండాలి.

కీబోర్డ్ సంగతి. రాసే పెట్టె కీబోర్డ్ మీదే కూర్చోవాలి, దానిపైన పట్టీ, ఆ పైన లిస్ట్. టార్గెట్ ఎస్‌డీకే (యాప్‌ను ఏ ఆండ్రాయిడ్ వెర్షన్ కోసం కట్టామో చెప్పే అంకె) 35 పెడితే ఆండ్రాయిడ్ 15లో స్క్రీన్ అంచుల దాకా గీయడం తప్పనిసరి కాబట్టి ఇన్‌సెట్స్, అంటే కీబోర్డ్, సిస్టమ్ పట్టీలు కప్పే జాగా, మీరే చూసుకోవాలి. ఆండ్రాయిడ్ స్క్రీన్లు కట్టే కంపోజ్‌లో, కీబోర్డ్ ఎత్తుకు సరిపడా కింద జాగా వదిలే ఐఎంఈ ప్యాడింగ్ చాలావరకు సరిపోతుంది. ఐఫోన్‌లో అయితే ఐఓఎస్ 15 నుంచి ఇదే పనికి కీబోర్డ్ లేఅవుట్ గైడ్ ఉంది. కీబోర్డ్ ఎత్తు ఇంతేనని అంకె రాసిపెట్టుకోకండి, సజెషన్ల వరుస వస్తే మారుతుంది, తెలుగు కీబోర్డ్‌కు మార్చినా మారవచ్చు.

చాలామంది పట్టించుకోనిది తెలుగు అక్షరం. పట్టీలో చూపించడానికి కామెంట్‌ను "మొదటి నలభై క్యారెక్టర్లు" అని కత్తిరించవద్దు. "క్వింటాల్"లో "క్వి" మనకు ఒక్క అక్షరం, కంప్యూటర్‌కు నాలుగు కోడ్‌పాయింట్లు, అంటే విడివిడి గుర్తులు: క, పొల్లు, వ, గుడి. కత్తి మధ్యలో పడితే "క్" మిగులుతుంది. వరుసల లెక్కన ఆపమని చెప్పి చివర చుక్కలు పెట్టించండి, ఆ పని సిస్టమే సరిగ్గా చేస్తుంది. రెండోది వరుస ఎత్తు. పైన గుడి, కింద వత్తు ఉన్న అక్షరం ఇంగ్లిష్ కొలతకు గీసిన డబ్బాలో పట్టదు, కింది వత్తు తెగిపోతుంది. పైగా ఆండ్రాయిడ్‌లో అక్షరాలు చూపించే టెక్స్ట్‌వ్యూలో, ఎలిగెంట్ టెక్స్ట్ హైట్ అనే సెట్టింగ్ టార్గెట్ 35 నుంచి డిఫాల్ట్‌గా ఆన్ అయి, తెలుగు వరుసల ఎత్తు మారుతుంది. పట్టీకి ఎత్తు బిగించకండి, అక్షరాన్ని బట్టి పెరగనివ్వండి. పెద్దవాళ్లు ఫోన్‌లో అక్షరాలు బాగా పెంచుకుంటారు, ఆండ్రాయిడ్ 14 నుంచి 200 శాతం దాకా పెంచుకోవచ్చు. ఆ సైజులో, "స్త్రీ", "రాష్ట్రం" లాంటి మాటలు పెట్టి చూడండి. ఇంగ్లిష్ నమూనా వాక్యాలతో పరీక్షిస్తే ఇవేవీ బయటపడవు.

రిప్లై బటన్ కనీసం 48 డీపీ. రాస్తుండగా ఫోన్ వస్తే రాసింది పోకూడదు, పేరెంట్ ఐడీ పేరున డ్రాఫ్ట్ ఫోన్‌లోనే దాచండి. ఊళ్లల్ల సిగ్నల్ సంగతి మీకు తెలిసిందే కదా, "పంపు" నొక్కగానే రిప్లైని లిస్ట్‌లో చూపించి "వెళ్తోంది" అని గుర్తు పెట్టండి. దాని ఐడీ ఫోన్‌లోనే తయారుచేసి, అదే ఐడీ రెండోసారి వస్తే పట్టించుకోవద్దని సర్వర్‌కు చెప్తే, మళ్లీ పంపినా రెండుసార్లు పడదు. ఒకరు చదువుతుండగా కొత్తవి వస్తే లిస్ట్‌ను జరపకండి, "కొత్త రిప్లైలు" అని కింద బటన్ చాలు.

ఎవరైనా కామెంట్ తీసేస్తే దాని వరుసను డేటాబేస్‌లోంచి చెరిపేయకండి. రాసిన మాట, పేరు తీసేసి, అక్కడ "ఈ కామెంట్ తొలగించారు" అని ఉంచండి. లేకపోతే దాని కింది రిప్లైలన్నీ మళ్లీ "ఏ మిర్చికి?" దగ్గరికే వస్తాయి.