ఫామ్‌హౌస్ పోకర్‌లో మోసపోయి చెక్కు కూడా ఇచ్చాను, కేసు పెడితే నన్నే లోపలేస్తారా?

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఆన్‌లైన్‌లో డబ్బు ఆటలు ఆగిపోయాక ఒక స్నేహితుడు నన్ను ఊరి బయట ఒక ఫామ్‌హౌస్‌లో జరిగే పోకర్‌కు తీసుకెళ్ళాడు. నాలుగు వారాల్లో 4.5 లక్షలు పోయాయి. 2 లక్షలు యూపీఐలో కట్టాను. మిగతా 2.5 లక్షలకు తేదీ వేయకుండా చెక్కు తీసుకున్నారు. ఆ టేబుల్ మీద ముగ్గురు ఒకే జట్టని, డీలర్ కూడా వాళ్ళ మనిషేనని ఈ మధ్యే తెలిసింది. ఇప్పుడు డబ్బివ్వకపోతే మా ఆవిడకు, ఆఫీసుకు చెప్తామని ఫోన్లు చేస్తున్నారు. ఫిర్యాదు చేస్తే పేకాట ఆడినందుకు నన్నే పట్టుకుంటారా? ఇంకో సందేహం. అంతకుముందు గోవా క్యాసినోలో ఎదుటివాడు ‘ఫ్లష్’ (ఒకే గుర్తున్న ఐదు ముక్కలు, జత కంటే పెద్ద చేయి) అన్నాడు. నేను నా ముక్కలు పడేశాను. తీరా చూస్తే అతని దగ్గర ఒక జతే ఉంది. అది మోసం కిందకు రాదా?

జవాబు: ముందు ఇంకో రూపాయి కూడా ఇవ్వకండి. ‘సెటిల్ చేసుకుందాం రా’ అని పిలిస్తే ఒంటరిగా వెళ్ళకండి. కొత్త చెక్కు, ప్రామిసరీ నోటు, తెల్ల కాగితం మీద సంతకం, ఏదీ ఇవ్వకండి. మీలాంటి వాళ్ళు టేబుల్ దగ్గర పోగొట్టుకున్న దానికంటే ఆ తర్వాత భయంతో కట్టేదే ఎక్కువ కావచ్చు.

చెక్కు సంగతి వివరంగా చెప్తాను, ఎందుకంటే అసలు ప్రమాదం అక్కడే ఉంది. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 30 ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు. గెలిచానంటూ కోర్టుకెళ్ళి ఆ డబ్బు వసూలు చేసుకోవడం కుదరదు. అందుకే వాళ్ళు ‘పేకాట బాకీ’ అని ఎక్కడా రాయరు. చెక్కు మీద తేదీ వేసుకుని, బౌన్స్ చేయించి, చేబదులు ఇచ్చామని నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద కేసు వేస్తారు. సంతకం మీదే కాబట్టి అప్పు ఉన్నట్టే కోర్టు మొదట అనుకుంటుంది. సంతకం చేసిన ఖాళీ చెక్కు ఇచ్చినా అంతేనని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. అయితే ఆ అనుకోలు తిరగరానిది కాదు. అది చట్టబద్ధమైన అప్పు కాదు, జూదం బాకీ అని నమ్మదగ్గ ఆధారాలతో మీరు చూపగలిగితే చాలు, నూటికి నూరుపాళ్ళూ రుజువు చేయనక్కర్లేదు. ఒక తేడా గమనించండి. ఆటతో సంబంధం లేని మూడో మనిషి మీకు చేబదులు ఇచ్చి ఉంటే ఈ వాదన అంత తేలిగ్గా నిలబడదు. డబ్బిచ్చింది ఎవరు, ఎప్పుడు, దేనికి అన్నది గుర్తు చేసుకుని ఇప్పుడే కాగితం మీద పెట్టుకోండి.

ఆ చెక్కుకు డబ్బివ్వొద్దని బ్యాంకుకు స్టాప్ పేమెంట్ రాసి ఇవ్వండి, కానీ దానితో 138 కేసు తప్పిపోదు. చెక్కు బౌన్స్ అయినట్టు బ్యాంకు తెలిపిన 30 రోజుల్లోపు వాళ్ళు నోటీసు పంపాలి. అది మీకు అందాక డబ్బు కట్టడానికి 15 రోజుల గడువు. ఆ 15 రోజుల్లోపే లాయరు ద్వారా జవాబు పంపండి. పోస్ట్‌మ్యాన్ తెచ్చిన నోటీసును తిప్పి పంపితే కేసు తప్పిపోతుందని చాలామంది అనుకుంటారు. తప్పదు సరికదా, మీ మాట మొదట్లోనే రికార్డులోకి ఎక్కే అవకాశం పోతుంది.

ఇక మీ అసలు భయం. తెలంగాణలో డబ్బు పెట్టి పోకర్ ఆడటం చట్టవిరుద్ధమే, అందులో దాపరికం వద్దు. 1960ల్లో సికింద్రాబాద్ క్లబ్బు కేసులో రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆట అని సుప్రీంకోర్టు అన్నది నిజమే. పోకర్ మీద హైకోర్టులు తలో మాటా చెప్పాయి. కర్ణాటక హైకోర్టు ఒకలా చూస్తే, 2017లో గుజరాత్ హైకోర్టు అది అదృష్టం ఆటే అంది. కానీ ఆ చర్చ మనకు ఇప్పుడు ఉపయోగపడదు. 1974 నాటి గేమింగ్ (జూదం) చట్టంలో నైపుణ్యం ఆటలకున్న మినహాయింపును తెలంగాణ 2017లోనే తీసేసింది. 2020లో ఆంధ్రప్రదేశ్ కూడా ఆ దారే పట్టింది. కాబట్టి ఆడినవారి మీద కూడా కేసు పెట్టే వీలుంది. అయితే ఆ సెక్షను పేకాట స్థావరంలో ఆడుతూ దొరికినవారిని ఉద్దేశించింది, వాడుకలో దాడిలో పట్టుబడిన వాళ్ళ మీదే పెడతారు. మోసపోయానని తనంతట తాను స్టేషన్‌కు వచ్చినవాణ్ణి ముద్దాయిని చేసే అవకాశం తక్కువ. లేదని మాత్రం హామీ ఇవ్వలేను. ఆ కేసు పెట్టినా దానికీ, వాళ్ళు చేసిన దానికీ పడే శిక్షల్లో చాలా తేడా ఉంది.

ఆట చట్టవిరుద్ధమైనంత మాత్రాన అందులో చేసిన మోసం మాఫీ కాదు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318(4) కింద మోసం చేసి డబ్బు ఇప్పించుకుంటే ఏడేళ్ళ దాకా జైలు. జట్టు కట్టి చేశారు కాబట్టి కుట్ర సెక్షన్ 61 కలుస్తుంది. ముఠాగా మోసాలు, అనుమతి లేని జూదం నడిపితే సెక్షన్ 112 కూడా ఉంది. ఇంట్లో చెప్తాం, ఆఫీసులో చెప్తాం అని డబ్బు గుంజడం 308 కింద బెదిరింపు వసూలు. పరువుకు హాని చేస్తామన్నా చట్టం దృష్టిలో అది హానే. ఆ ఫోన్ కాల్సూ, వాట్సాప్ మెసేజ్‌లూ తుడిపేయకండి. నిజానికి మీ చేతిలో ఉన్న గట్టి సాక్ష్యం అదే. ముక్కల్లో మోసాన్ని రుజువు చేయడం కష్టం, బెదిరింపు మెసేజ్ తనంతట తానే మాట్లాడుతుంది. యూపీఐ చెల్లింపులు ఎవరి ఖాతాలోకి వెళ్ళాయో స్టేట్‌మెంట్ తీసుకోండి. మీ ముందు కూర్చుని ఆడిన ‘పరిచయం లేని’ ముగ్గురి మధ్య డబ్బు తిరిగినట్టు పోలీసులు బ్యాంకు రికార్డుల్లో చూపగలిగితే కేసు సగం నిలబడినట్టే. స్టేషన్‌లో తీసుకోకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పై అధికారికి పంపండి, అక్కడా కదలకపోతే మెజిస్ట్రేట్ దగ్గరకు వెళ్ళవచ్చు. మీరు ఆడిన విషయం ఫిర్యాదులో దాచకండి. దాచిన నిజం తర్వాత బయటపడితే మిగతాదంతా అబద్ధమనే అనుకుంటారు.

మీ ఆవిడకు ఈ విషయం వాళ్ళకంటే ముందు మీరే చెప్పండి. ఇది లాయరు సలహా కూడా. ఆమెకు తెలిసిన మరుక్షణం వాళ్ళ బెదిరింపులో సగం బలం పోతుంది.

గోవా సంగతి వేరు. అక్కడి 1976 జూదం చట్టంలోని సెక్షన్ 13ఏ కింద లైసెన్సుతో క్యాసినోలు నడుస్తాయి, ఆడినందుకు మీ మీద కేసు ఉండదు. కానీ నోటితో ‘ఫ్లష్’ అన్నంత మాత్రాన 318 కేసు నిలబడుతుందని నేననుకోను. పోకర్‌లో బొంకడం ఆటలో భాగం అంటారు. చివర్లో చేయి విప్పేటప్పుడు అబద్ధం చెప్పడం మాత్రం మర్యాద కాదు, నియమాల తప్పు కూడా. దానికి పరిష్కారం ఆ టేబుల్ దగ్గర, ఆ నిమిషంలోనే ఉంది. ఎదుటివాడి ముక్కలు బల్ల మీద తెరిచి పెట్టి, డీలర్ చదివేదాకా మీ ముక్కలు వదలకూడదు. లెక్క ముక్కలదే, నోటి మాటది కాదు. ఒకసారి మీవి పడేసిన కుప్పలో కలిసిపోయాక టేబుళ్ళను చూసుకునే ఫ్లోర్ మేనేజర్ కూడా ఏమీ చేయలేడు.

ఇలాంటిదే ఇంకోటి ఉంది. ఒకడు నోరు మెదపకుండా కాల్‌కు (ముందున్న పందెంతో సమానంగా కట్టడానికి) సరిపడా చిప్స్ ముందుకు తోస్తాడు, మీ ముఖం చూస్తాడు, మీరు తడబడినట్టు కనిపిస్తే చేయి వెనక్కి తీసుకెళ్ళి ఇంకొన్ని తెచ్చి రేజ్ (పందెం పెంచాను) అంటాడు. దాన్ని స్ట్రింగ్ బెట్ అంటారు. నియమం ప్రకారం అది కాల్ మాత్రమే. వెంటనే ‘ఫ్లోర్’ అని ఆ మేనేజర్‌ను పిలవండి, మొహమాటపడకండి. తర్వాతి ఆట మొదలైతే ఫిర్యాదు పోయినట్టే.

ముగ్గురు ఒకటైన టేబుల్‌ను పట్టుకోవడం ఇంతకన్నా కష్టం. ఒకడు రేజ్ చేస్తాడు, మీరు కాల్ చేస్తారు, రెండోవాడు మళ్ళీ రేజ్, మొదటివాడు ఇంకా పైకి. మధ్యలో మీరు నలిగి ఫోల్డ్ చేస్తారు, అంటే ముక్కలు పడేసి తప్పుకుంటారు. ఆ వెంటనే ఇద్దరిలో ఒకడు చప్పుడు చేయకుండా ముక్కలు పడేస్తాడు. ఇది పదేపదే జరిగితే లేచి వచ్చేయండి. లైసెన్సున్న చోటైతే అనుమానం చెప్పి వాళ్ళ ముక్కలు చూపించమని ఫ్లోర్‌ను అడగవచ్చు.

ముక్కల అంచుల మీద కంటికి కనబడని గుర్తులు వేసి, బల్ల మీద పెట్టిన ఫోన్‌లోని కెమెరాతో పేకను చదివి, ఎవరు గెలుస్తారో చెవిలో పెట్టుకున్న చిన్న పరికరానికి చెప్పే యంత్రాలున్నాయి. అందుకే పేక కట్ చేశాక అంచు వైపు ఏ ఫోనూ ఉండకూడదు. 2025 అక్టోబరులో న్యూయార్క్‌లో ప్రాసిక్యూటర్లు బయటపెట్టిన అభియోగాలు చూడండి: ముక్కలు కలిపే యంత్రాన్నే మార్చేశారని, గుర్తులు చదివే కాంటాక్ట్ లెన్సులు, ఎక్స్‌రే బల్ల వాడారని, పేరున్న మాజీ బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళను కూర్చోబెట్టి డబ్బున్నవాళ్ళను రప్పించారని. అప్పటికి అవి అభియోగాలే. కానీ మిమ్మల్ని స్నేహితుడి ద్వారా రప్పించిన పద్ధతి అదే. ఆ స్నేహితుడికి ఎంత ముట్టిందో కూడా పోలీసులు అడగాల్సిందే, ఫిర్యాదులో అతని పేరు వదిలేయకండి.

ఈ వారంలోనే స్టేట్‌మెంట్, మెసేజ్‌ల ప్రింట్లు, ఆ నాలుగు వారాల తేదీలు రాసుకుని దగ్గరలోని క్రిమినల్ లాయర్ని కలవండి. చెక్కు బ్యాంకుకు వెళ్ళకముందే ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకోండి. బౌన్స్ అయ్యాక ఇచ్చిన ఫిర్యాదును కోర్టులో ‘అప్పు ఎగ్గొట్టడానికి అల్లిన కథ’ అంటారు.